చెల్లి చోటి గునుగుపూలు

ఎనభైల్లో జూబ్లీహిల్స్‌లో బంగళాల కంటే బండలే ఎక్కువ. నాన్న ఒక ఖాళీ ప్లాటుకు వాచ్‌మన్. ఆ ప్లాటు మూలనే రేకుల గదిలో ఉండేవాళ్లం. వెనక గుట్ట మీద, వానలు పడితే చాలు, ఎవరూ వెయ్యకుండానే గునుగు మొలిచేది. బతుకమ్మకు కోయగా మిగిలిన పూలు ఎండాక, అమ్మ ఆ నల్లటి గింజలు దులిపి వేయించి, బెల్లంతో దంచి ముద్దలు కట్టేది. మా చెల్లికి ఆ ముద్దలంటే ప్రాణం.

చెల్లి మూడేళ్లకే జ్వరమొచ్చి పోయింది. నాన్న ఆ గుట్ట మీదే పూడ్చాడు. జాగా మాది కాదు, అందుకని రాయి పాతలేదు. అమ్మ గుప్పెడు గునుగు గింజలు చల్లింది. ఏటా అక్కడ మాత్రం ఒత్తుగా పూసేది. ఆ పూలు అమ్మ ఎవర్నీ కోయనిచ్చేది కాదు. ఏడాదిలో తొలి ముద్ద అక్కడే పెట్టేది.

నాకు పదేళ్లప్పుడు సినిమావాళ్లు ఆ గుట్ట మీద పాట తియ్యడానికొచ్చారు. అమ్మ బంగళాలో పనికెళ్లింది. సెట్టు వేసే ఆయన నన్ను పిలిచి, "ఇంకా బాగా పూసిన చోటుందా పాపా? చూపిస్తే హీరోయిన్ పక్కన నిలబెడతాను" అన్నాడు. నా బుద్ధి గడ్డి తిన్నది. చూపించాను. వాళ్లు వేళ్లతో సహా పీకి, తీసుకెళ్లి హీరోయిన్ చుట్టూ నాటారు. ట్రాలీ పట్టాల కోసం గుండ్లు దొర్లించి నేలంతా చదును చేశారు. నన్నెవరూ ఎక్కడా నిలబెట్టలేదు.

సాయంత్రం అమ్మ వచ్చి చూసింది. తిడితే బాగుండేది. "వానలకు మల్లొస్తయిలే, అప్పుడు జాగ తెలుస్తది" అంది.

వచ్చాయి. గింజలు ఎలా చెదిరాయో, గుట్టంతా ఒకేలా పూసింది. అమ్మ ముద్ద పట్టుకుని అటూ ఇటూ తిరిగి, చివరికి నా దగ్గరకొచ్చింది.

"ఆళ్లకు చూపించింది నువ్వే గద బిడ్డా. యాడుండె? జర యాది చేసుకో."

నాకూ తెలియలేదు. ఏదో ఒక చోటు చూపించాను. అమ్మ అక్కడ కూర్చుని, మట్టిని నిమిరి, ముద్ద పెట్టింది.

తొంభైల్లో అక్కడ బంగళా లేచింది. అమ్మ ఏటా దాని ప్రహరీ గోడ బయట ముద్ద పెట్టేది, నేను చూపించిన చోటికి సరిగ్గా ఎదురుగా.