నష్టాల చక్రవర్తి

ఆయన బేరం మొదలుపెట్టాడంటే అవతలివాడు బాగుపడ్డట్టే. సరుకుకి వంకలు పెట్టేవాడు. గీచిగీచి అడిగేవాడు. కుదరకపోతే లేచి వెళ్ళిపోతానని బెదిరించేవాడు, చేతికి రెండు సూదులు గుచ్చి యంత్రానికి కట్టేసి ఉన్నా సరే. ఇంత చేసి, చివరికి అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చి, తనకు రావలసింది తీసుకోవడం మర్చిపోయి, కోట గెలిచినవాడిలా గడ్డం నిమురుకునేవాడు. డయాలసిస్ గదిలో ఆయన్ని నష్టాల చక్రవర్తి అనేవాళ్ళు. ఆ పేరు ఆయనకు తెలుసు. కోపం వచ్చిన దాఖలా లేదు.

చక్రవర్తి అన్నది ఊరికే అన్న మాట కాదు. ఆయనకు నిజంగానే ఒక సామ్రాజ్యం ఉంది, ట్యాబులో.

పెద్దాసుపత్రి వెనకవైపున్న ఆ గదిలో మూడు యంత్రాలు పనిచేసేవి. నాలుగోదానికి ‘రిపేరు’ అని కాగితం అంటించారు. కాగితం పసుపెక్కింది గానీ రిపేరు చేసేవాడు రాలేదు. పనిచేసే మూడింటి పక్కన మూడు కుర్చీలు. ఒకదాంట్లో చక్రవర్తి. రెండోదాంట్లో రిటైరైన లెక్కల మాస్టారు. మూడోదాంట్లో, అందరికంటే కొత్తగా వచ్చిన సిటీ బస్సు కండక్టరమ్మ. రోజు విడిచి రోజు రావాలి, పూట పూటంతా కదలకుండా కూర్చోవాలి, ఒంట్లో మురికి రక్తం గొట్టాల్లోంచి వెళ్ళి కడుక్కుని తిరిగొస్తుంటే చూస్తూ ఉండాలి. మాట్లాడుకోవడానికి ఉన్న సంగతులన్నీ ఎన్నడో అయిపోయాయి. అప్పుడే మాస్టారు ఆ ట్యాబు తెచ్చాడు.

అది రాజ్యాల ఆట. ఒకరి తర్వాత ఒకరు వంతు ఆడాలి. ఊళ్ళు కట్టాలి, పొలాలు వేయాలి, సైన్యం పెంచాలి. కత్తి కావాలంటే ఇనుము ఉండాలి, రౌతు కావాలంటే గుర్రాలు ఉండాలి. అవి మ్యాపులో ఎక్కడబడితే అక్కడ దొరకవు. ఎవరి నేలలో పడితే వాళ్ళవి. లేనివాడు కొనుక్కోవాలి, లేదా లాక్కోవాలి, లేదా దుడ్డుకర్రలు పట్టుకుని చావాలి. ఊళ్ళన్నీ పోయినవాడు ఆటలోంచి పోయినట్టే; మిగతావాళ్ళు ఆడుతుంటే పైకప్పు చూస్తూ పడుండాలి. ఆ ఆట తయారుచేసినవాడెవడో గానీ లోకం బాగా చదివినవాడు.

మ్యాపు మొత్తానికి ఇనుము ఒక్కచోటే ఉంది. అది చక్రవర్తి కొండల్లో పడింది. బయట కూడా ఆయనది పాత ఇనుప సామాను కొట్టే. ఇనుము ఈయన్ని ఎక్కడికెళ్ళినా వదలదని సిస్టర్ నవ్వేది. ఇనుముతో పాటు గుర్రాల మందలు కూడా ఆయనవే. అంత కలిమి ఉన్నవాడు ఎవరి మీదికైనా దండెత్తవచ్చు. ఈయన మాత్రం ఎవరి రాజ్యం కుంగుతోందో చూసి, వాళ్ళ దగ్గరికెళ్ళి బేరం పెట్టేవాడు. ఒకసారి మాస్టారి రేవులన్నీ పోయి, కొన ఊపిరితో ఉన్నప్పుడు, ఉప్పుకొఠారు ఇస్తానన్న మాట తీసుకుని గుర్రాలిచ్చేశాడు. మాట తీసుకున్నాడు గానీ ఉప్పు తీసుకోవడం మర్చిపోయాడు. ఆ విజయం గురించి మాస్టారు ఇంట్లో భార్యకు ఎన్నిసార్లు చెప్పాడంటే, ఆవిడ చివరికి గుర్రాలను తనే మేపుతున్నంత విసుగు చెందింది.

కండక్టరమ్మకు ఆ గది మీద కసి. డిపోల్లో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేక ఏళ్ళ తరబడి నీళ్ళు తాగకుండా డ్యూటీలు చేసింది. ఇప్పుడు తాగుదామంటే డాక్టర్లు తాగనివ్వరు. దాహమేస్తే ఒక ఐసుముక్క చప్పరించాలి. ఒకరి దగ్గర ఊరికే పుచ్చుకునే మనిషి కాదు. సొంత తమ్ముణ్ణి కూడా టికెట్టు లేకుండా బస్సెక్కించలేదని చెప్పుకునేది. ఒకసారి విసుగెత్తి ఆసుపత్రికి రావడం మానేసింది. కాళ్ళు ఉబ్బి, ఊపిరాడక, చివరికి ఆటోలో మోసుకొచ్చారు.

అలాంటి మనిషికి రాజ్యంలో ఒకే ఒక్క ఊరు మిగిలింది. మాస్టారు డబ్బు పోసి కిరాయి సైన్యం పోగేసి సరిహద్దులో దించాడు. లెక్కల్లో ఎంత నిర్దయో ఆటలోనూ అంతే. ఎన్ని వంతుల్లో ఆ ఊరు కూలుతుందో గట్టిగా చదివి వినిపిస్తున్నాడు.

సూది సరిచేస్తున్న సిస్టర్‌తో కండక్టరమ్మ గొంతు తగ్గించి అంది.

“ఈ ఊరు కూడా పోతే ఇక నేను రాను సిస్టర్. ఆ ఫ్యాను వంక చూస్తూ పూటంతా పడుండటం నా వల్ల కాదు.”

“రాకపోతే ఏమవుతుందో మొన్న చూశారుగా?”

“చూశాను. అయితే అవనీ.”

పక్క కుర్చీలో చక్రవర్తి దగ్గాడు. ట్యాబు తన వంతుకొచ్చింది. ఖాళీగా ఉన్న చేతి వేలితో మ్యాపును అటూ ఇటూ జరిపి, సరుకు చూడొచ్చిన షావుకారులా మొహం ముడిచాడు.

“కండక్టరమ్మా, నీ దగ్గర అమ్మకానికేమైనా ఉందా?”

“ద్రాక్షతోట తప్ప ఇంకేం మిగిలింది బాబాయ్.”

“గింజలున్న రకమా, లేని రకమా?”

“బొమ్మలో గింజలెలా కనిపిస్తాయి?”

“సరుకు చూడకుండా కొంటే దాన్ని వ్యాపారమంటారా?”

అక్కడ మొదలైంది. ద్రాక్ష పులుపన్నాడు. ఆవిడ తీపంది. రవాణా ఖర్చెవరిదన్నాడు. మీ కొండల్లో ఇనుము తుప్పు పట్టిందేమోనని ఆవిడ ఎదురు వంక పెట్టింది. నా ఇనుమునే అంటావా అని ఆయన లేచిపోబోతే గొట్టం వంగి యంత్రం కూసింది, సిస్టర్ వచ్చి ఇద్దర్నీ కలిపి తిట్టింది. కండక్టరమ్మ మొహంలోకి రంగు వచ్చింది. రద్దీ బస్సులో చిల్లర కోసం పోట్లాడేటప్పటి గొంతు తిరిగొచ్చింది. చివరికి ఆయన నుదురు తుడుచుకున్నాడు.

“నీతో పడలేను తల్లీ. ఇనుపకొండలు తీసుకో. ద్రాక్ష మాత్రం నాకొద్దు, దారిలోనే కుళ్ళిపోతుంది.”

మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. మీలాంటి వ్యాపారి వీధికొకడుంటే దొంగలు వృత్తి మానుకుని మీ కొట్టు ముందు వరసలో నిలబడేవాళ్ళన్నాడు. తర్వాతి వంతుల్లో కండక్టరమ్మ ఊళ్ళో కత్తులు తయారయ్యాయి, మాస్టారి కిరాయి దండు వెనక్కి తగ్గింది. ఆవిడ మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. అరువు తెచ్చుకున్న రాజ్యంలా కాదు, బేరంలో గెలిచిన రాజ్యంలా ఏలింది. ఒక్క దిగులు మాత్రం పట్టుకుంది. ఈ చక్రవర్తి కొట్టు ఏమైపోతుందో, ఆయన ఇల్లాలు ఎలా నెట్టుకొస్తోందో అని.

ఈలోగా ఆసుపత్రిలో ఇనుము కరువొచ్చింది. ఆటలో కాదు, నిజంగానే. ఈ జబ్బు మనుషులకు రక్తంలో ఇనుము తగ్గిపోతే ఎక్కించే సూదిమందు నిండుకుంది. ఎందుకు లేదంటే పైనుంచి రాలేదన్నారు. పైన ఎవరున్నారంటే చెప్పలేదు. ఆటలో ఇనుము లేకపోతే మ్యాపును తిట్టుకోవచ్చు. ఇక్కడ మందు ఉంది, మందుల దుకాణాల అద్దాల వెనక నిండుగా ఉంది. లేనిదల్లా దాన్ని ఈ కుర్చీల దాకా చేర్చాలన్న బుద్ధి. కరువులు చాలావరకు అలాగే పుడతాయి.

బయట కొన్న మందు పట్టుకుని చక్రవర్తి భార్య వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ కొడుకే వచ్చేవాడు. ఆవిణ్ణి చూడగానే కండక్టరమ్మ దాచుకున్న సానుభూతంతా ఒలకబోసింది. ఆయన అప్పుడే కునుకు తీస్తున్నాడు.

“పిన్నీ, ఏమనుకోకండి గానీ, కొట్టు మీరే చూసుకుంటే మంచిది.”

“ఏమమ్మా, ఏమైంది?”

గుర్రాల సంగతి, ఉప్పు సంగతి, ద్రాక్ష సంగతి మాస్టారు, కండక్టరమ్మ వంతులేసుకుని చెప్పారు. పెద్దావిడ మొదట అర్థంకాక చూసింది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని ఒళ్ళంతా ఊగేలా నవ్వింది.

“ఎవరు, ఈయనా? ఈయన ఎదురొస్తున్నాడంటే లారీల వాళ్ళు రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తారమ్మా. పాత సైకిలు అమ్మడానికి వచ్చినవాడు గాలిపంపు కూడా ఇచ్చేసి, దండం పెట్టి నడిచిపోయేవాడు. ఈయన దగ్గర రూపాయి ఎక్కువ పట్టుకెళ్ళిన మనిషి పుట్టలేదు. కట్టుకున్నదాన్ని, నా వల్లే కాలేదు.”

చక్రవర్తి కళ్ళు మూసుకునే ఉన్నాడు గానీ, దుప్పటి కింద కాలి బొటనవేలు ఆడుతోంది.

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడవకుండా చేతిలోనే పట్టుకున్నాడు. కండక్టరమ్మ పెదవి కొరుక్కుంది. ఊరికే ఇస్తే తను పుచ్చుకునేది కాదు. ఊరికే ఓడిపోయినా అనుమానించేది. అందుకే ఈయన కొసరి కొసరి, తిట్లు తిని మరీ, కావాలనే ఓడిపోయాడు. ఆ గదిలో అందరూ ఏదో ఒకటి పోగొట్టుకున్నవాళ్ళే. ఉద్యోగాలు పోయాయి, తిండి పోయింది, గుక్కెడు నీళ్ళు పోయాయి. గెలిచామన్న తృప్తితో ఇంటికెళ్ళిన రోజులుంటే అవి ఈయనతో బేరమాడిన రోజులే.

ట్యాబు కండక్టరమ్మ ఒళ్ళోనే ఉంది. వంతు ఆవిడదే. మ్యాపు మీద వేలు జరిపింది. ఎప్పుడూ తన సరిహద్దే చూసుకునే మనిషి, మొదటిసారి పక్కరాజ్యం చూసింది. చక్రవర్తికి మిగిలింది ఒక్క ఊరు; మిగతావన్నీ మాస్టారు ఒక్కొక్కటే మింగేశాడు. ఇనుమేమో ఇప్పుడు ఆవిడ దగ్గర, గుర్రాలేమో మాస్టారి దగ్గర. ఊరి గేటు దగ్గర నలుగురు దుడ్డుకర్రల వాళ్ళు. ఎదురుగా మాస్టారి రౌతులు. వచ్చే వంతులో ఈయన ఆట ముగిసిపోతుంది.

కండక్టరమ్మ తన కత్తుల దండు మొత్తం తరలించి, ఆ ఊరి గోడ చుట్టూ నిలబెట్టింది.

“ఇదేమిటమ్మా?” అన్నాడు మాస్టారు. “ఆయన కోసం నా మీద యుద్ధమా?”

“యుద్ధం కాదు మాస్టారూ, కాపలా.”

చక్రవర్తి ఒక కన్ను తెరిచాడు. ట్యాబు వైపు చూశాడు. వ్యాపారి మొహం పెట్టాడు.

“నేనడగలేదే. ఊరికే కాపలా నాకొద్దు. అద్దెంతో చెప్పు.”

“ఇంత తొందరగా తేలే బేరం కాదు బాబాయ్. ఎల్లుండి రండి, కూర్చుని మాట్లాడుకుందాం. నేనెలాగూ వస్తాను.”

మాస్టారు ట్యాబు అందుకుని, తన రౌతుల్ని కదపకుండానే వంతు ముగించాడు.

“నేను లేకుండా మాత్రం తేల్చకండి,” అన్నాడు.