పావు గుడ్డు బాకీ

నేమన్ నది ఒడ్డున, మా యూదుల వీధిలో ఉండే దర్జీ జోరెఖ్ రోజూ పొద్దున ప్రార్థన ముగించుకొని వచ్చాక, సూది పట్టకముందే ధర్మశాస్త్రంలో నాలుగు వాక్యాలూ వాటి కింది వ్యాఖ్యా చదివేవాడు. లెక్క వచ్చిన చోటల్లా బల్ల మీద బొత్తాలు పేర్చి సరిచూసుకునేవాడు. అందాకా ఆయన భార్య ద్వోషాకు బల్ల దొరికేది కాదు. నోవహు ఓడ కొలతలు వచ్చిన రోజున ఆ ఇల్లాలు కిటికీ గట్టు మీదే పిండి పిసుక్కుంది.

ఆ ఏడు వేసవిలో పక్కింటి వితంతువు బ్రైనా, కూతురి ఊరికి వెళ్తూ ఇరవై గుడ్లు వాళ్ళ నేలమాళిగలో దాచమని ఇచ్చింది. తిరిగొచ్చిన నాలుగు రోజులకు అడిగితే, వచ్చిన నాడే ఇచ్చేశానని జోరెఖ్ ఒట్టు పెట్టుకున్నాడు. మోసం కాదు పాపం, నిజంగా ఇచ్చాననే అనుకున్నాడు. మరో వారానికి ద్వోషా, ఆ గుడ్లు సబ్బాతు రొట్టెల్లోకి ఎప్పుడో పోయాయని చల్లగా చెప్పింది.

జోరెఖ్ వెంటనే బొత్తాలు తీశాడు. పరుల సొత్తు మీద అబద్ధపు ఒట్టు పడితే అసలుతో పాటు ఐదో వంతు కలిపి ఇవ్వాలని శాస్త్రం. ఇరవైలో ఐదో వంతు నాలుగు. ఇరవై నాలుగు గుడ్లు కొని పట్టుకెళ్ళాడు. ఇంతేనా, ఇంకేమైనా రావాలా అని బ్రైనా వేళాకోళమాడింది. ఇక ఒక్క గుడ్డు కూడా బాకీ లేనని ఆయన మళ్ళీ ఒట్టు పెట్టేశాడు.

ప్రాయశ్చిత్త దినపు ఉపవాసం ఆ సాయంత్రమే మొదలవుతుందనగా, పొద్దున వ్యాఖ్య చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. ఐదో వంతంటే అసలులో ఐదో వంతు కాదట. అసలును నాలుగు భాగాలు చేసి, అలాంటిదే ఇంకో భాగం కలిపి ఐదు చేయాలట. బొత్తాలు పేర్చాడు. నాలుగు అయిదులు ఇరవై, ఇంకో అయిదు కలిపితే ఇరవై అయిదు. ఒక గుడ్డు తక్కువ ఇచ్చాడు. పైగా దాని మీద కూడా ఒట్టు పెట్టాడు. కనుక ఆ గుడ్డుకూ పైభాగం చెల్లించాలి. అది పావు గుడ్డు.

రబ్బీ దగ్గరికి పరుగెత్తాడు. తెలియక పెట్టిన ఒట్టును శాస్త్రం అంత గట్టిగా పట్టుకోదనీ, ఆమె వదిలేస్తే చాలనీ ఆయన గడ్డం చాటున నవ్వుకుంటూ చెప్పాడు. కానీ పావు గుడ్డు నెత్తిన పెట్టుకొని దేవుడి ఎదుట నిలబడటం జోరెఖ్ వల్ల కాలేదు. ఒక పచ్చి గుడ్డూ, ఉడికించి నాలుగు ముక్కలు కోసిన ఇంకో గుడ్డూ పళ్ళెంలో పెట్టుకొని బ్రైనా ఇంటికి వెళ్ళాడు.

“వదిలేశాను అన్నయ్యా, నీ గుడ్లన్నీ వదిలేశాను,” అంది ఆమె, పళ్ళెం వంక చూడకుండానే.

“ఎంతో తెలియకుండా ఎలా వదులుతావు చెల్లెమ్మా? ముందు లెక్క విను.”

ఎంత పనిలో ఉన్నా ఆమె పొయ్యి మీది కుండ దించి, కూర్చుని మొత్తం విన్నది. ఒకచోట ఆయన తడబడితే అందించింది కూడా. పచ్చి గుడ్డు తీసుకొని, పావు ముక్క నోట్లో వేసుకుంది.

“తిన్నాను. నా మనసులో నీ మీద ఏమీ లేదు. మరి ఈ మూడు ముక్కలు?”

“అవి నావి.”

“అయితే ఇక్కడే తిను. పొద్దుట్నుంచీ ఏమీ ముట్టినట్టు లేవు.”

జోరెఖ్ కూర్చున్నాడు. ఒక ముక్క చేతిలోకి తీసుకొని ఆగాడు.

“చిటికెడు ఉప్పు పెట్టు చెల్లెమ్మా. ఊరికే ఇస్తున్నానని మాత్రం ముందు గట్టిగా చెప్పు.”