చదవకుండా కొట్టిన అక్షరం

మా పెద్దమ్మకి ముక్కుమీద కోపం. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, వాళ్ల ఆఫీసు సూపరింటెండెంటుకే తెలియదు. తెలిసుంటే "ఈ వయసులో మీకెందుకండీ కంప్యూటర్లు" అని నలుగురి ముందూ అనేవాడు కాదు.

ఆవిడ లైబ్రరీలో టైపిస్టు. టైపు మిషన్లు మూలపడ్డాక మేడమీద కంప్యూటర్ల గదికి ఇన్‌చార్జి అయింది. పెద్ద హోదా ఏం కాదు. ఎనిమిది పాత కంప్యూటర్లు, మూల పాడైన ప్రింటరొకటి, ఒక కిటికీ, కాళ్లు ఊగే కుర్చీలు. ఉద్యోగాలకి అర్జీలు పెట్టుకునేవాళ్లు పొద్దున్నే వచ్చి మెట్లమీద వరసగా కూర్చునేవారు. సూపరింటెండెంటు కన్ను ఆ గది మీద పడింది. "గురువారం కమిటీ వస్తోంది. ఈ డబ్బాలు పనికిరావని రాయించేస్తాను. మీరు కింద రికార్డు రూములో కూర్చోండి" అన్నాడు. రికార్డు రూముకి కిటికీ లేదు.

సోమవారం సాయంత్రం పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. వేరే ఊళ్లో సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం.

"ఏమే, వాటికి కొత్త సాఫ్ట్‌వేర్ నేనే ఎక్కిస్తాను. నేర్పుతావా, లేదా?"

"అంత పాతవాటికి మౌస్‌తో పనవదు పెద్దమ్మా. నల్లతెర మీద కమాండ్లు టైపు చెయ్యాలి."

"టైపు చెయ్యడం గురించి నాకు చెప్తున్నావా నువ్వు?"

నోరు మూసుకుని పాఠం మొదలుపెట్టాను. "ప్యాకేజీ మేనేజరంటే మీ లైబ్రరీ కౌంటరనుకో. చదువుకునేవాళ్లు బీరువాలు వెతకరు, పేరు చెప్తారు, నువ్వు తెచ్చిస్తావు. ఇక్కడ అడిగేది నువ్వు. పేరు కొడితే అది నెట్‌లో ఉన్న భండారం నుంచి ఆ ప్యాకేజీ, అంటే ఆ సాఫ్ట్‌వేర్ మూట, తెచ్చి దాని చోట్లో పెడుతుంది. దానికి ఇంకోటేదైనా అవసరమైతే అదీ వెంట తెస్తుంది."

"భండారంలో ఏముందో దానికెలా తెలుస్తుంది?"

"జాబితా ఉంటుంది. ముందు అప్‌డేట్ అని కొడితే ఆ జాబితా కొత్తదవుతుంది, అంతే. తర్వాత ఇన్‌స్టాల్, పక్కన పేరు. అక్కర్లేనిదానికి రిమూవ్. ఏం చెయ్యబోతోందో తెరమీద రాసి, సరేనా అని అడుగుతుంది. వై కొడితే సరే, ఎన్ కొడితే వద్దు."

మంగళవారం మధ్యాహ్నానికల్లా ఎనిమిదింటిలోనూ అర్జీలు రాసుకునే సాఫ్ట్‌వేర్ పడింది. ఫోన్ చేసి గొప్పలు చెప్పుకుంది. నేనూ మురిసిపోయాను, బుద్ధిలేక.

ఎందుకంటే మంచి టైపిస్టు చదవదు. ఎదురుగా ఉన్న కాగితంలో సంగతి బుర్రకెక్కితే వేళ్లు తడబడతాయట. చావు కబురైనా పెళ్లి కబురైనా పెద్దమ్మ చేతికి ఒకటే వేగం. అదే ఆవిడ గర్వం. ఆ సాయంత్రం ఓ ప్యాకేజీ పేరు పక్కన పాత వెర్షన్ నంబరు చూసి, ఇదెందుకు దండగ అనుకుని రిమూవ్ కొట్టింది. తెరనిండా ఏదో వచ్చింది. ఆవిడ వై కొట్టింది. పది నిమిషాల్లో ఎనిమిదింటికీ అదే మర్యాద చేసి, స్విచ్చులు కట్టేసి ఇంటికెళ్లింది.

బుధవారం పొద్దున ఎనిమిది తెరలూ నల్లగా లేచాయి. బొమ్మల్లేవు, కిటికీల్లేవు, పేరు అడిగే ఒక్క లైను తప్ప. సూపరింటెండెంటు గుమ్మంలో నిలబడి తృప్తిగా చూసి వెళ్లాడట.

"నేనే పాడుచేశానే" అంది ఫోన్లో. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపమొస్తుంది.

"వై కొట్టేముందు తెరమీద ఏముందో చదివావా?"

"లేదు."

"అది చేసిన ప్రతి పనీ రాసిపెట్టుకుంటుంది. ఆ ఫైలు తెరువు. పైకి చదువు."

చదివింది. తీయమన్నది ఒక్కటే. దాని మీద ఆధారపడినవి నూట నలభైమూడు, దాంతోపాటే పోయాయి. ఒక్కటీ వదలకుండా పేరుపేరునా చదివింది.

"సెలవు పెట్టి శనివారం నేనొస్తాను" అన్నాను.

"శనివారానికి గదే ఉండదు. అక్షరాలు పడుతున్నాయి కదా? నాకింకేం కావాలి? పేర్లు చెప్పు."

పేర్లు చెప్పాను. అప్‌డేట్, తర్వాత ఇన్‌స్టాల్. ఈసారి ప్రతి లైను కింద వేలు పెట్టి, బడిపిల్లలా పైకి చదివి, అప్పుడు కొట్టింది వై. ఒక్కో కంప్యూటరుకి ముప్పావుగంట పట్టింది. ఆఫీసు మూసేవేళకి ఎనిమిదోది వెలిగింది.

గురువారం ఫోను టేబుల్ మీద పెట్టి నన్ను వినమంది. కమిటీవాళ్లు ముగ్గురు వచ్చారు, అన్నీ పనిచేస్తుంటే చూశారు. సూపరింటెండెంటు తొణకలేదు. "అయితే ఆ పాడైన ప్రింటరొక్కటి తీయించేద్దామండీ. ఇదిగో, ఇన్‌చార్జిగా మీరిక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. నాలుగు పేజీల కాగితం.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీలో ప్రింటరు. రెండో పేజీలో దాని వయసు, రోగాలు. మూడో పేజీలో "దానికి అనుబంధంగా ఉన్న" ఎనిమిది కంప్యూటర్లు, బల్లలు, కుర్చీలు, గది, ఇన్‌చార్జి పోస్టు.

"అదంతా మామూలేనండీ, పెట్టెయ్యండి" అన్నాడాయన.

"మొన్నటిదాకా పెట్టేదాన్నేనండీ. ఒక్కటి తీయమంటే వెంట ఏమేం పోతాయో చదివి పెట్టాలని నిన్ననే తెలిసింది."

కలం గీసిన చప్పుడు నాకు ఫోన్లో వినిపించింది. సంతకం పెట్టాల్సిన చోట "వద్దు" అని రాసిందట. కమిటీలో పెద్దాయన మూడో పేజీ అడిగి తీసుకుని, తనూ చదవడం మొదలుపెట్టాడు. ఈలోగా పెద్దమ్మ తలుపు తీసి, మెట్లమీద మొదట కూర్చున్నావిడని లోపలికి రమ్మంది.