పరాయి కుట్టు

వీధిలో అందరూ ఆమెను టైలరక్క అంటారు. ఆమె తమ్ముడు బేకరీలో కేకుల మాస్టారు. చిన్నప్పటి నుంచీ బొద్దుగా ఉండటంతో బొద్దోడన్న పేరే స్థిరపడిపోయింది. అమ్మానాన్నలు పోయాక వాణ్ణి పెంచింది టైలరక్కే. వాడి కిడ్నీలు పాడయ్యాయని తెలిసినప్పుడు రెండో మాట లేకుండా తనదొకటి ఇచ్చేసింది. ఇచ్చానని గొప్పలు చెప్పుకునే మనిషి కాదు గానీ, తమ్ముడు దాన్ని ఎంత భద్రంగా చూసుకుంటున్నాడో మాత్రం బట్టలు కుట్టించుకోవడానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకునేది.

ఒళ్ళు పెరగనివ్వొద్దని డాక్టరమ్మ ఆపరేషన్ అప్పుడే చెప్పింది. మందులకు ఆకలి ఎక్కువవుతుంది, నోరు కట్టుకోవాలంది. అక్క ఇంటికొస్తే బొద్దోడు పిట్టలా తినేవాడు. ఇంకాస్త వడ్డించబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ చెయ్యి చూసి ఆమె మురిసిపోయేది. చెకప్‌కి ఒక్కడే వెళ్ళొచ్చి అంతా బాగుందన్నారనేవాడు. ముఖం ఉబ్బిందేమిట్రా అంటే మందుల వల్లనేవాడు. వదులు చొక్కాలే కుట్టమని ఎందుకడుగుతున్నాడో ఆమెకు తట్టనే లేదు. మెడలో టేపు వేసుకు తిరిగే మనిషికి!

ఒకరోజు వాడి కాళ్ళు వాచాయి. ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదనుకుని దాడి చేస్తోందని ఆసుపత్రిలో తేలింది. టైలరక్క వాణ్ణి మాత్రలు మానేశావా, నిజం చెప్పమని నిలదీసింది. వాడు లేదంటే లేదన్నాడు. రక్తంలో మందు సరిపడా ఉందని డాక్టరమ్మ కూడా అంది. అనవసరంగా అనుమానించానే అని ఆమె సిగ్గుపడి తమ్ముడి తల నిమిరింది.

అప్పుడు డాక్టరమ్మ బరువు సంగతి తీసింది. వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నానంది. మనిషి లావెక్కితే పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవుల వరస మారిపోతుందట. వాటిలో కొన్ని ఒంటి కాపలా కణాలను ఎగదోస్తాయట. మందులు జోకొడుతున్నా అవి లేచి కూర్చుంటాయి. ఎలుకల్లో ఇది కనబడిందనీ, మనుషుల సంగతి ఇంకా తేలుస్తున్నారనీ చెప్పింది. "ఇదొక్కటే కారణమని నేననను. కానీ ఇంత బరువు ఆ కిడ్నీకి మేలైతే చెయ్యదమ్మా," అంది.

వీడు తినేదే పిడికెడు, ఇదంతా మందుల ఉబ్బేనని టైలరక్క వాదించింది. బొద్దోడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నర్సు వాడి బట్టలు తెచ్చిచ్చింది. ప్యాంటు మడత పెట్టబోతూ ఆమె ఆగిపోయింది. వాడి ప్యాంట్లన్నీ ఆమె కుట్టినవే. ఎప్పటికైనా పనికొస్తుందని నడుము వెనక కాస్త ఎక్కువ గుడ్డే లోపలికి మడిచి వదిలేది. ఆ మడత ఇప్పుడు చివరిదాకా విప్పేసి ఉంది. మళ్ళీ వేసిన కుట్టు ఆమెది కాదు. పొడుగాటి కుట్టు, దారం రంగు కూడా కలవలేదు. ఇదివరకు విప్పిన కుట్ల సూది గుర్తులు పక్కనే వరసగా ఉన్నాయి.

"ఎవరి దగ్గర వదులు చేయించావురా?"

"బేకరీ పక్కన ఒకతనున్నాడు."

"నేనుండగా?"

"నీ దగ్గరికి తెస్తే తెలిసిపోతుందనక్కా."

తర్వాత నసుగుతూ మిగతాదీ చెప్పాడు. ప్రతి వాయికీ కేకుల అంచులు కోసి రుచి చూడటం మాస్టారి పని. పని కోసం తిన్నది తిండి కిందికి రాదనుకున్నాడట. వస్తుందని నడుము చెప్పాక కూడా మానలేకపోయాడు.

టైలరక్కకు ఒళ్ళు మండిపోయింది. తిన్నందుకు కాదు, ఆకలి ఎవరి చేతిలో ఉంటుంది? కంచం మీద అడ్డం పెట్టిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. వీధంతా చెప్పుకుని మురిసిందంతా వాడాడిన నాటకం. ప్రేమకొద్దీ తను వదిలిన గుడ్డతోనే వాడు తన కళ్ళు కప్పాడు.

కిడ్నీ నిలవలేదు. వాడు మళ్ళీ డయాలసిస్‌కు వెళ్తూ బాగా చిక్కిపోయాడు. ఒక మధ్యాహ్నం అదే ప్యాంటు పట్టుకొచ్చి, జారిపోతోందక్కా, కాస్త బిగించి పెట్టమన్నాడు.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. "వదులు చేసినతని దగ్గరికే తీసుకెళ్ళు," అంది.

వాడు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె తలొంచుకుని మిషన్ తొక్కుతూనే ఉంది. సూది కింద గుడ్డ లేదని వాడికి కనబడుతూనే ఉంది.