మామ మీద మిగిలిన ‘అంట’

పోయిన ఆదివారం పొద్దున నాచారం నుంచి ఫోను వచ్చింది. చేసింది మామ ఎదురింటి కిరాణా కొట్టతను. “అన్నా, మామ పోయిండంట” అన్నాడు. ఎదురింట్లో ఉండి కూడా ‘అంట’ అన్నాడు. మామ వినుంటే అతన్ని వదిలేవారు కాదు. “నడుమల రోడ్డే గదరా. దాటి పో, చూసి రా, అప్పుడు చెప్పు” అనేవారు. నేను బండి తీసి వెళ్లాను. నిజమే. నిద్రలోనే గుండె ఆగిపోయింది.

మామ నాకు చుట్టం కాదు. ఉప్పల్ ప్రాంతానికి విలేకరిగా వచ్చిన కొత్తలో ఆయన ఇంటి మీది గదిలో అద్దెకు దిగాను. నేను మామా అన్నాను, ఆయన అల్లుడా అన్నారు. ఆ గది ఖాళీ చేసి వేరే ఇంటికి మారినా పిలుపులు మారలేదు.

ఆయనకు పడని మాట ఒకటే, ‘అంట’. ఉప్పల్ చౌరస్తాలో ఫ్లైఓవర్ వస్తుందంట, ఫలానా స్కూలు ఫీజు పెంచిన్రంట అని ఎవరైనా మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేవారు. “ఎవలన్నరు? పేరు చెప్పు. పేరు లేకుంటె ఛాయ్ తాగి పో.” ఆఫీసులో మా సబ్ ఎడిటర్లు చెప్పేది కూడా ఇదే. కాకపోతే వాళ్లు ఛాయ్ ఇచ్చేవారు కాదు.

ఆ కోపానికి కారణం ఉంది. నాచారంలో ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో ఆయన చాలా ఏళ్లు పనిచేశారు. మూసేస్తున్నరంట అని పుకారు పుట్టింది. ముందే బయటపడితే మంచిదని అందరూ అంటే స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టారు. ఫ్యాక్టరీ మూతపడలేదు. దాని సైరన్ మా ఇంటికి వినిపించేది. మోగినప్పుడల్లా మామ అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, “ఇన్నవా అల్లుడా, మూతపడ్డదంట!” అని నవ్వేవారు. అత్త మాత్రం నవ్వేది కాదు.

తర్వాత ఆయన మంచు పార్కులో చేరారు. ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు మీద ఉండేది. పెద్ద షెడ్డు, లోపల యంత్రాలతో చేసిన మంచు, జారడానికి ఒక వాలు. డబ్బున్నవాళ్ల పిల్లలు కాళ్లకు పలకలు కట్టుకుని జారడం నేర్చుకునేవారు. మిగతావాళ్లు చక్రాల్లేని జారుడు బండి మీద కూర్చుని జారేవారు. ఒక బండి కిందికి చేరాకే ఇంకో బండిని వదలడం వాలు పైన నిలబడే మామ పని. మే నెలలో సంకన స్వెట్టరు, జేబులో మంకీ క్యాపుతో ఆయన బస్సెక్కితే కండక్టర్లు ఊరుకునేవారు కాదు. “ఏం తాతా, కాశ్మీర్‌కా?” “ఔ, గట్కేసర్ మీదికెళ్లి పోతది, టికెట్ ఇయ్యి” అనేవారు మామ.

లోపలికి వెళ్లేవాళ్లకు చలికోట్లు ఇచ్చే కౌంటర్లో భువనగిరి దిక్కు నుంచి వచ్చిన ఒకామె పనిచేసేది. “మేం రోజూ మందికి కోట్లు పంచుతం. మాకు మటుకు జీతం టైముకు రాదు” అని నన్ను చూసినప్పుడల్లా అనేది. మామ అంటే ఆమెకు గురి. పార్కులో ఎవరికి ఏ తగువొచ్చినా మామ ముందు పెట్టేవారు.

ఖర్చుల కోత ఛాయ్‌తో మొదలైంది. చలిలో పనిచేసేవాళ్లకు గంట గంటకూ వేడిగా ఇచ్చే ఛాయ్‌ని పూటకొకటి చేశారు. చిరిగిన గ్లౌజులకు బదులు కొత్తవి రాలేదు. రెండు యంత్రాల్లో ఒకదాన్ని ఆపేశారు. మధ్యాహ్నానికి మంచు బురదలా మారి, కింద పరిచిన నల్ల రబ్బరు కనిపించేది. “ఇది మంచా, బరఫ్ గోలానా? రంగు పోస్తె తాగొచ్చు” అని టికెట్ కొన్నవాళ్లు మామ ముఖం మీదే అనేవారు. తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ పిలుపు వస్తే పార్కు పనివాళ్లే జెండాలు పట్టుకుని వెళ్లేవారు. ఆ బంద్ వల్లే రాబడి పడిపోయిందని యాజమాన్యం వాళ్లకే నోటీసు అంటించేది.

అప్పుడు పుట్టింది పుకారు. పార్కును అమ్ముతున్నరంట. బొంబాయి పార్టీ కొంటున్నదంట. కాదు, భూమి కోసం బిల్డరు కొంటున్నడంట. నేను యాజమాన్యానికి ఫోన్ చేశాను. చెప్పడానికేమీ లేదన్నారు. ఆ మాటే రాశాను. మామ అలా ఊరుకోలేదు. మేనేజరు గది ముందు నిలబడి, ఆయన బయటికి రాగానే అందరి ముందూ అడిగారు. “సార్, అమ్ముతున్నరా, లేదా?” మేనేజరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, “మీకు చెప్పకుండా అమ్ముతామా? అలాంటి ఉద్దేశమే లేదు. ఆ మాటలు నమ్మకండి” అన్నాడు.

సరిగ్గా ఆ వారమే నాచారంలోని ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ పనికి మనుషులను తీసుకుంటోంది. పార్కు వాళ్లలో కొందరిని రమ్మన్నారు. కోట్ల కౌంటరు ఆమెకు పొద్దటి షిఫ్టు ఇస్తామన్నారు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉండొచ్చు. సోమవారం చేరాలి. ముందు రోజు సాయంత్రం వాళ్లంతా ఇరానీ హోటల్లో మామ చుట్టూ కూర్చున్నారు. నేనూ ఉన్నాను.

“ఉండాల్నా, పోవాల్నా, నువ్వే చెప్పు మామా” అంది ఆమె.

“ఎందుకు పోవుడు? అమ్ముతలేరు.”

“పక్కానా?”

“పక్కా.”

నేను కల్పించుకున్నాను. “మామా, ‘అమ్మం’ అని సారు అన్నడని చెప్పు. నాకైతే వాళ్లేం చెప్పలేదు.”

“ఎదురుంగ నిలబడి, కండ్లల్ల కండ్లు వెట్టి చెప్పిండు అల్లుడా. ఇంక ‘అన్నడు’ ఎందుకు? గవన్ని మీ పేపర్ల రాసుకోన్రి. ఒకపారి ‘అంట’ను నమ్మి చెడిన. వీళ్లను చెడనియ్య.”

“నువ్వు చెప్పినంక ఇంకేంది మామా” అని ఆమె ఛాయ్ తాగేసి లేచింది. సోమవారం కంపెనీకి ఒక్కరూ వెళ్లలేదు.

రెండు నెలలు దాటలేదు. పొద్దున షిఫ్టుకు వెళ్లినవాళ్లకు గేటుకు కొత్త తాళం, లోపల కొత్త కాపలావాడు కనిపించారు. యంత్రాలు ఆపేశారు. కబురందుకుని నేను వెళ్లేసరికి గేటు కింది నుంచి నీళ్లు రోడ్డు మీదికి వస్తున్నాయి. పనివాళ్లు ఆ నీళ్లలోనే నిలబడ్డారు. కొన్నవాళ్లకు మంచుతో పని లేదు, భూమి కావాలి. మేనేజరు ఫోనులో దొరికాడు. “ఆ రోజుకి పైవాళ్లు నాకు చెప్పింది అదేనండి. అదే చెప్పాను” అన్నాడు. అంటే ఆయన కూడా ఒక ‘అంట’ను తీసేసి చెప్పాడు.

మందుల కంపెనీలో ఖాళీలు నిండిపోయాయి. మామ నాచారంలో గేటు గేటుకూ తిరిగి, వాళ్ల కోసం కాపలావాళ్లను బతిమాలారు. ఇద్దరికి పని దొరికింది. కోట్ల కౌంటరు ఆమెకు దొరకలేదు. హబ్సిగూడలో ఒక హాస్టల్లో గిన్నెలు తోమే పనిలో కుదిరింది. రాత్రి భోజనాలు అయ్యేదాకా అక్కడే ఉండాలి. ఇంటికి చేరేసరికి పిల్లలు పడుకునేవారు.

ఒక రోజు కూరగాయల మార్కెట్లో మేము ఆమెకు ఎదురుపడ్డాం. నలుగురూ వినేలా అడిగింది. “ఏం మామా, టమాట ధర రేపు పెరుగుతదా, తగ్గుతదా? నువ్వు చెప్పు, పక్కా అయితది గదా.” మామ సంచి కింద పెట్టి, మళ్లీ తీసుకుని, ఏమీ కొనకుండా వచ్చేశారు. తర్వాత ఆ మార్కెట్‌కు వెళ్లలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. మనుషులను ఆపినందుకు మామకు సారు ప్లాటు రాసిచ్చిండంట అన్న మాట బయలుదేరింది. ముందు బోడుప్పల్‌లో అన్నారు, తర్వాత గట్కేసర్ దగ్గర అన్నారు. నేను మేనేజరును అడిగాను, కొన్నవాళ్లను అడిగాను, ఆ వైపు ప్లాట్లు అమ్మించే బ్రోకర్లను అడిగాను. ప్లాటు లేదు. నాచారంలో ఉంటున్న ఇల్లు తప్ప మామకు ఎక్కడా ఏమీ లేదు. అది రాస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

“నువ్వు మా ఇంట్ల ఉన్నోనివి. నువ్వు రాస్తె, మామ రాయించిండంట అంటరు. ఒద్దు.”

ఆయన మాట తీరు ఆ తర్వాతే మారింది. కళ్లముందు జరిగేదానికి కూడా ‘అంట’ తగిలించేవారు. వానలో తడుస్తూ లోపలికి వచ్చి “వాన పడ్తున్నదంట” అనేవారు. మొదట ఎగతాళి అనుకున్నాను. కాదు. మొన్న తెలంగాణ వచ్చిన రాత్రి గల్లీలో పటాకులు కాలుస్తుంటే, వాకిట్లో నిలబడి పొగలోకి చూస్తూ, “రాష్ట్రం వచ్చిందంట అల్లుడా” అన్నారు. అందరూ ఎగురుతున్నారు. ఆయన మీద పక్కింటివాళ్లు గులాల్ చల్లితే దులుపుకోలేదు.

జనగామ నుంచి అత్త తమ్ముడు రావాలని ఆదివారం ఆయన్ను అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. పెట్టెను వాకిట్లో టెంటు కింద పెట్టారు. పార్కులో పనిచేసినవాళ్లలో ఇద్దరే వచ్చారు, మామ పని ఇప్పించినవాళ్లు. మధ్యాహ్నం దాటాక కోట్ల కౌంటరు ఆమె వచ్చింది. హాస్టల్లో ఒక గంట సెలవు అడిగిందట. లోపలికి రాకుండా గేటు దగ్గర నన్ను పిలిచింది.

“అన్నా, పేపరాయనవు నువ్వు. జర నిజం చెప్పు. ప్లాటు తీస్కున్నడా?”

“లేదమ్మా.”

“లేదంటనా, లేదా?”

“లేదు. నేను అడిగి తెలుసుకున్న. లేదు.”

“మరి గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?”

ఆయన వద్దన్న సంగతి చెప్పాను. ఆమె గేటు తీసింది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. బయట ఉక్కపోత, పెట్టె లోపల చలి. పెట్టె అద్దమంతా చెమ్మ పట్టి మామ ముఖం కనబడడం లేదు. ఆమె కొంగుతో తుడిచింది. ముఖం కనిపించింది. చూస్తుండగానే అద్దం మళ్లీ మసకబారింది. మళ్లీ తుడిచింది. నేను అక్కడున్నంతసేపూ తుడుస్తూనే ఉంది.