బాబాయి అనుమానాలూ, బట్టలారబెట్టే యంత్రమూ

మా బాబాయి ఆకలికైనా ఆగుతాడు గానీ అనుమానానికి ఆగలేడు. పొద్దున్నే ఎవరైనా నమస్కారం పెడితే సాయంత్రం దాకా నన్ను పీడిస్తాడు. "ఊరికే ఎందుకు పెట్టాడంటావురా?" పిన్ని కాఫీలో పంచదార కాస్త ఎక్కువేస్తే, "ఏమిటి సంగతి? మీ తమ్ముడొస్తున్నాడా?" అంటాడు. పాపం, వస్తూనే ఉంటాడు.

మా భవనం కింది గదిలో అందరికీ కలిపి ఒక డ్రయ్యరుంది. ఒకరోజు అది తిరగడం తిరుగుతోంది గానీ వేడెక్కడం లేదు. ఎంతసేపు తిప్పినా బట్టలు తడితడిగానే వస్తున్నాయి. కబురందగానే బాబాయి నన్ను వెంటబెట్టుకుని దిగాడు. ముందు ప్లగ్గు పీకి వాసన చూశాడు. తర్వాత తలుపు తెరిచి, మూసి, చెవి ఆనించి, "టక్కుమంది. తలుపు నిర్దోషి" అన్నాడు. ఆ పైన మేడమీది మాస్టారి వంతు వచ్చింది.

"నిన్న దుప్పటి వేశారా?"

"వేశానండీ."

"తడిదేనా?"

"పొడిదైతే ఎందుకు వేస్తానండీ!"

"నేనూ అదే అడుగుతున్నా."

భవనం వ్యవహారాలు చూసే కార్యదర్శమ్మకి ఇంత విచారణ అక్కర్లేకపోయింది. "ఇంకెవరు? కొత్తగా దిగిన ఆ నర్సే! గుట్టలకొద్దీ పడేస్తుంది. రేపట్నించి ఆవిడకి ఈ గది తాళం ఇచ్చేది లేదు."

చంటిపిల్లని చంకనేసుకుని గుమ్మంలో నిలబడ్డ నర్సు నీళ్ళు నమిలింది. "డ్యూటీ నించి వచ్చి దండెం మీద ఆరేసుకునే ఓపికుండదండీ. పిల్ల బట్టలు..."

బాబాయి ఆమెకేసి కళ్ళు చికిలించి చూశాడు. "ఎవర్నీ వదిలేది లేదు!" అంటూ యంత్రాన్ని ముందుకి లాగి, వెనక గాలి బయటికి పోయే గొట్టం ఊడదీసి చెయ్యి దూర్చాడు. గుప్పెడు నూగు వచ్చింది. దాంతో పాటు ఇంకేదో కూడా వచ్చింది. గభాలున గుప్పిట మూసి జేబులో పెట్టేసుకున్నాడు.

"ఏమిటండీ అది?" అంది కార్యదర్శమ్మ.

"నా మేజోడు. నూగు పట్టే జల్లెడ పెట్టకుండా తిప్పినట్టున్నాను, అటు జారిపోయింది. గాలాడక లోపల ఫ్యూజు కాలిపోయుంటుంది. మెకానిక్కుని నేనే పిలిపిస్తాను."

లోకాన్నంతా అనుమానించే మనిషి నేరం తన నెత్తినే వేసుకునేసరికి అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. కార్యదర్శమ్మ మాత్రం సందు దొరికింది కదా అని చెడామడా వాయించింది. బాబాయి బుద్ధిగా తలొంచుకుని విన్నాడు. మెకానిక్కు వచ్చి ఫ్యూజు మార్చగానే డ్రయ్యరు వేడెక్కింది. అందరికంటే ముందు నర్సే అందులో బట్టలు వేసింది.

మెట్లెక్కుతూ బాబాయి జేబులోంచి ఆ మేజోడు తీశాడు. నా బొటనవేలికి కూడా బిగుతే. మీద పసుపుపచ్చ బాతుపిల్ల.

"ఇది నీదా బాబాయ్?"

బాబాయి దాన్ని నర్సు గారి తలుపు గొళ్ళేనికి తగిలించి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి, నా మీద విరుచుకుపడ్డాడు.

"ప్రతిదానికీ అనుమానమేనట్రా నీకు! మనిషన్నాక కాస్త నమ్మకం ఉండాలి."