నాలుగు చుట్టల దూరం

కాలేజీలో నాకు భూగోళం చెప్పిన లెక్చరర్ని ఉప్పుటేట్లో గొంతుదాకా ముంచాను. అరవై ఏళ్ళుగా ఈ మాట చెబుతున్నాను, ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. గొంతుదాకా అన్నది కాస్త ఎక్కువేమో, నడుము దాకా అనుకోండి. అసలు సంగతి ఎలాగూ ఒప్పుకుంటాను గానీ, ఆయన్ను ఎందుకు ముంచాలనుకున్నానో ముందు వినండి.

రోడ్ల పక్కన మైలురాళ్ళు పీకి కిలోమీటరు రాళ్ళు పాతుతున్న రోజులవి. మాది అల్లూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ ఊరు. అక్కడి నుంచి కావలి కాలేజీకి వచ్చిన మొదటివాణ్ణి నేనే. నిజానికి రెండోవాణ్ణి. మొదటివాడు నెలకే పారిపోయాడు కాబట్టి లెక్కలోంచి తీసేశాను.

మానవ భూగోళం మొదటి పాఠం రోజున లెక్చరర్ గోడకు జిల్లా పటం తగిలించి, ఒక్కొక్కరినీ లేపి మీ ఊరెక్కడో చూపించమన్నాడు. కొడవలూరు వాడు టక్కున చూపించాడు. నేను వెళ్ళి చూస్తే అల్లూరుకూ సముద్రానికీ మధ్య ఉత్త తెల్లకాగితం ఉంది.

"ఈ స్కేలులో నీ ఊరు పట్టదులే. పోనీ, అల్లూరుకు ఎంత దూరమో చెప్పు" అన్నాడు.

"నాలుగు చుట్టలు సార్" అన్నాను.

మా ఊళ్ళో అంతే. బయల్దేరేటప్పుడు చుట్ట ముట్టిస్తే, అది కాలి అయిపోయిన చోటికి ఒక చుట్ట దూరం. క్లాసు విరగబడి నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు నాలుగు చుట్టలు. దాన్ని భరించేవాణ్ణే. ఆ తర్వాత జరిగినదాన్ని భరించలేకపోయాను.

ఒకరోజు మా నాయన హాస్టలుకు ఎండుచేపల మూట తెచ్చి, నన్ను వెతుక్కుంటూ క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చాడు. లెక్చరర్ ఆయన్ను లోపలికి పిలిచి, బల్ల పక్కన మా అందరికీ ఎదురుగా నిలబెట్టాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ, మీ ఊరు ఎన్ని చుట్టలు?"

మా నాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, ఎంతో శ్రద్ధగా చెప్పాడు. "బస్సులో తాగనియ్యరు గదా అయ్యోరా, దాని సంగతి నాకు తెలవదు. అల్లూరు నించి నడిస్తే నాలుగు. ఎదురుగాలి తగిలితే అయిదు. తలమీద గంప ఉంటే ఆరు."

"విన్నారా? ఈయన గంప ఎత్తుకుంటే ఊరు దూరం జరుగుతుందట" అన్నాడు లెక్చరర్. "దూరం మారదయ్యా. పటంలో అల్లూరు నుంచి సముద్రం ఒడ్డుకు అయిదు మైళ్ళు. నిన్నా అయిదే, రేపూ అయిదే."

అందరూ నవ్వారు. అయ్యవారు సరదా పడుతున్నారనుకుని మా నాయన కూడా నవ్వాడు. ఆయన నవ్వకుండా ఉంటే నేను మరిచిపోయేవాణ్ణేమో. నవ్వాడు కాబట్టి పగ పట్టాను. లెక్చరర్ని చంపాలని కాదు. ఆయన నీళ్ళలో నిలబడి, "ఇంకెంత దూరమయ్యా" అని మా నాయననే అడగాలి. నాకు కావలసింది అంతే.

క్లాసంతా కలిసి చేసే పల్లె సర్వేకు ఏ ఊరు పోదామని లెక్చరర్ అడిగినప్పుడు నేనే లేచాను. "మా ఊరు రండి సార్, పటంలో పెట్టుకుందురు" అన్నాను. ఏ ఆదివారమో కూడా నేనే చెప్పాను. అది పున్నమి మరునాడు. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి మా ఊరి ముందరి ఉప్పుటేరు పోటుకు నిండుతుంది. తెలిసినవాడెవడూ ఆ వేళకు దిగడు.

ఆయనకు జలుబు చేసి ప్రయాణం వారం వాయిదా పడింది. నేను పోటుపాట్లు చూసి పుట్టినవాణ్ణి. అయినా, ఆదివారం వచ్చే ఆదివారానికి జరిగితే ఏటిలో నీళ్ళు ఏమవుతాయో నాకు తట్టలేదు. కాలేజీలో ఏ ఆదివారమైనా ఒకటే. ఆరు నెలలు అక్కడుండేసరికి నాకూ ఒకటే అయిపోయింది.

తొమ్మిదింటికి ఏటి గట్టుకు చేరాం. నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు. ఇదే నేను ఒప్పుకుంటానన్నది. గొంతు కాదు, నడుము కాదు, పిక్కలు. లెక్చరర్ బూట్లు చేత్తో పట్టుకుని, ప్యాంటు మడిచి, ఎండ్రకాయల్ని చూసి ముచ్చటపడుతూ దాటాడు.

అవతలి గట్టున మా నాయన కాచుకుని ఉన్నాడు. "ఈరోజు అష్టమి అని చూసుకుని, నీళ్ళు దిగే పాటు వేళకి తీసుకొచ్చినావా అబ్బయా? అయ్యోరి ప్యాంటు తడవకూడదని ఎంత ఇదిగా ఉండావు. చదువుకున్నోడు చదువుకున్నోడే" అన్నాడు. నేను తల వంచుకున్నాను. వినయమనుకున్నాడు.

అక్కణ్ణుంచి ఇసుక దిబ్బలు. లెక్చరర్ మళ్ళీ బూట్లు తొడుక్కుని ఇరవై అడుగులు వేసి కూలబడ్డాడు. "ఇంకెంత దూరమయ్యా?"

నేను కోరుకున్న మాటే. మా నాయన గాలి చూశాడు, ఆయన కాళ్ళు చూశాడు. "నాకైతే ఒక చుట్ట. మీరు బూట్లు ఇడిస్తే ఒకటిన్నర. ఇడవకపోతే రెండు."

"పటంలో ఒక మైలేగా."

"ఆ మైళ్ళు పీకేస్తుండారంట గదా అయ్యోరా, రోడ్డు మీద. మా చుట్ట మాత్రం ఏడకీ పోలా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. లెక్చరర్ జేబులోంచి నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. తర్వాత బూట్లు విప్పాడు. నా పగ తీరిందనుకున్నాను.

తర్వాతి సోమవారం క్లాసులో ఆయన బల్ల మీద చెయ్యి ఆనించి మొదలుపెట్టాడు. "దూరం రెండు రకాలు. ఒకటి నేల మీద కొలిచేది, రెండోది నడిచే మనిషికి తగిలేది. గాలిని బట్టి, బరువును బట్టి, కాలి కింది నేలను బట్టి రెండోది మారుతుంది. తీరంలో స్థానికుల వాడుకలో నేను స్వయంగా గమనించాను." చుట్ట ఊసు లేదు. మా నాయన ఊసు అసలే లేదు.

అప్పుడు నేను లేచి, "సార్, అది చెప్పింది మా నాయన" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

లేదు. నేను లేవలేదు. రైళ్ళలో, పెళ్ళిపందిళ్ళలో ఎన్నిసార్లు లేచానో లెక్కలేదు గానీ, ఆ క్లాసులో మాత్రం లేవలేదు. తల దించుకుని ఆ నోట్సు గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. ఏడాది పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. ఎవరు దిద్దుతారో నాకు తెలుసు. "స్థానికులు" అని రాశాను. మా నాయనను స్థానికులు అని రాసి, క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను. ఆ మార్కుల మాట విని మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ లెక్చరర్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. పేరు రాసి నలుగురిలో పెట్టాలని మూడుసార్లు రాసి మూడుసార్లూ కొట్టేశాను. మంచి మాటతోనో చెడ్డ మాటతోనో ఆయన్ను ఎవరైనా తలుచుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ స్కేలులో ఆయన పేరు పట్టదు. ఆ జవాబు రాసినవాడి పేరూ పట్టదు.

అల్లూరు నుంచి మా ఊరు నాలుగు చుట్టల దూరం. ఎదురుగాలికి అయిదు.